యాంత్రిక లోపం లేదు

తెల్లారగట్ల నాలుగున్నర.
చీకటింకా కాలవలోంచి లేవలేదు.
వ్యాన్లో రొయ్యల ట్రేలు, వాటి మీద ఐసు,
ఆరుకల్లా పాలకొల్లు చేర్చకపోతే
రేటు కోసేస్తానన్న ఫోను.

దిండి దాటి, చించినాడ వంతెన ఎక్కబోయే ముందు
రోడ్డు కాస్త ఎడమకి వంగుతుంది.
నేను వంగలేదు.

సైకిలు కనపడలేదు నాకు.
హ్యాండిలుకి వేలాడుతున్న మోకు కనపడింది,
పాములా, ఒక్క రెప్పపాటు.
తర్వాత చప్పుడు.
ఎండుకాయ బురదలో పడ్డంత.
అంత చిన్నది.

పంచనామాలో అన్నీ కొలిచి రాశారు.
బ్రేకు తొక్కిన మచ్చ పదకొండు అడుగులు.
చెప్పు ఒకటి, రోడ్డు అంచుకి ఏడడుగుల్లో.
రెండో చెప్పు దొరకలేదు.
బ్రేకు ఇనస్పెక్టరు అమలాపురం నుంచి వచ్చి
నా బండి కింద దూరి, తొక్కి, తిప్పి,
"వాహనంలో యాంత్రిక లోపం లేదు" అని సంతకం పెట్టాడు.
ఇక లోపాన్ని వెతకాల్సిన చోటు
ఒక్కటే మిగిలింది.

బంపరు నాలుగంగుళాలు లోపలికి పోయింది.
తాటిపాక షెడ్డులో తొమ్మిది రోజుల్లో బయటికి లాగేశారు,
రంగు కూడా కలిసిపోయింది.
గుబ్బల ఏడుకొండలు ఎడమకాలు
మోకాలి కింద రెండు చోట్ల.
రాడ్డు, తర్వాత చీము, తర్వాత ఇంకో రాడ్డు.
రోజుకి నలభై చెట్లెక్కి దింపు తీసిన మనిషి
కోర్టు మెట్లు ఆరూ
గోడ పట్టుకుని, ఒక్కోదానికీ ఆగి ఎక్కుతాడు.
నేను వెనకాలే నిలబడతాను.
దాటుకుని ముందుకెళ్ళలేను.

నాకూ తగిలిందని చెప్తే నవ్వుతారు.
స్టీరింగు గుద్దుకున్న చోట, రొమ్ము పక్కన,
చలికాలం వస్తే ఇప్పటికీ సలుపు.
గాయాల సర్టిఫికెట్టులో నా పేరు లేదు.

రాజోలు కోర్టు. వరండాలో ఒకటే బల్ల.
బంట్రోతు మూడుసార్లు కేకేస్తాడు:
"ముద్దాయి నేలపూడి ప్రసన్నకుమార్!"
మా అమ్మ కూడా ఎప్పుడూ అంత నిండుగా పిలవలేదు.
మూడువందల ముప్పై ఎనిమిది. లైసెన్సు వాళ్ళ బీరువాలో.
వాయిదా. వాయిదా. జడ్జిగారు సెలవు. వాయిదా.
నష్టపరిహారం కేసు వేరే, అది అమలాపురంలో.
అక్కడ ఇన్సూరెన్సు వకీలు లెక్క కడుతున్నాడు:
వయసు యాభై రెండు, పదకొండుతో హెచ్చవేయాలి,
వైకల్యం నూటికి నలభై.
ఏడుకొండలు కర్ర పట్టుకుని లేచాడు.
"నలభై కాదండి.
చెట్టెక్కేవోడికి కాలంటే నూటికి నూరండి."

ఈమధ్య రాజీ మాట వచ్చింది.
ఆయన సంతకం పెడితే నాది అయిపోద్ది.
మా ఓనరు కవరొకటి నా చేతికిచ్చి, ఇచ్చి రమ్మన్నాడు.
బల్ల మీద ఇద్దరమే.
టీ గ్లాసు అందించాను.
కవరు జేబులోనే ఉంది.

"ఓ మాటడుగుతానబ్బాయ్," అన్నాడు కాలు చాపుకుంటూ.
"పడున్నాను గదా, చెవి తారు మీద ఉంది.
నీ బండి చప్పుడు దూరంగా పోయింది.
శానా దూరం పోయింది. ఆగింది.
మళ్ళీ వెనక్కొచ్చింది.
ఆ పోవడమేంటి?"

నలభై గజాలు.
ప్లానులో వాటిని గీయలేదు. ఛార్జిషీటులో లేవు.
మా వకీలుకి చెప్పలేదు, మా ఆవిడకీ చెప్పలేదు.
నలభై గజాలు నేను పారిపోయిన మనిషిని.
దానికి సెక్షను ఎంతో,
జరిమానా ఎంతో,
ఎవరూ అడగలేదు ఇన్నాళ్ళూ.

బంట్రోతు పిలుస్తున్నాడు.
ఒకసారి.

"రొయ్యలు గుర్తొచ్చాయండి," అన్నాను.

రెండోసారి.

ఏడుకొండలు గ్లాసు బల్ల కింద పెట్టాడు.
కాలుని రెండు చేతుల్తో ఎత్తి కిందికి దించుకున్నాడు.
లేవడానికి
నా భుజం మీద చెయ్యేశాడు.
బరువుగానే వేశాడు.